ఈ స్టేషన్ పరిధిలో కేసులు లేవు

చీరాలలో ప్రైవేటు బడుల యాజమాన్యాలు, హాస్టల్ వార్డెన్లు, తల్లిదండ్రులు హాజరైన సభలో, హెడ్మిస్ట్రెస్‌గానూ తర్వాత బాలల సంక్షేమ సమితిలోనూ పనిచేసిన ఒక వక్త, పిల్లల దగ్గరా ముసలివాళ్ల దగ్గరా పనిచేసే మనుషుల పోలీసు వెరిఫికేషన్ గురించి చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసింది.

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండమ్మా, ఇక్కడ రెండు వరుసలు ఖాళీగా ఉన్నాయి. మైకు వినపడుతోందా? సరే. చాలామంది బడి వదిలాక నేరుగా వచ్చారు, టీ కూడా తాగి ఉండరు. అందుకని నేరుగా విషయంలోకి వస్తాను.

నా చేతిలో ఒక కాగితం ఉంది. మీలో కరస్పాండెంట్లు, హెడ్మాస్టర్లు దీన్ని దూరం నుంచి చూసినా గుర్తుపడతారు. మీ ఆఫీసు బీరువాల్లోనూ ఇలాంటివి ఉంటాయి. చదువుతాను, వినండి. "పై విషయమై విచారించగా, సదరు వ్యక్తిపై ఈ స్టేషన్ పరిధిలో ఎటువంటి క్రిమినల్ కేసులు నమోదు కాలేదు." కింద ఒక సంతకం, గుండ్రటి సీలు, తేదీ. అంతే. ఇంకేం లేదు.

ఇందులో అబద్ధం ఏమైనా ఉందా? ఒక్క ముక్క కూడా లేదు. ఆ రోజు ఆ స్టేషన్‌లో ఆ రిజిస్టరు చూసిన రైటరు గారు ఉన్నదే రాశారు. ఆయన్ని నేను తప్పుపట్టను. కానీ మళ్లీ వినండి. ఈ స్టేషన్ పరిధిలో. ఈ. స్టేషన్. పరిధిలో. ఆ మూడు మాటలు నేను చదవలేదండి. కళ్లు చదివాయి, బుర్రకు ఎక్కలేదు. ఆ మూడు మాటల గురించే ఈ రోజు మాట్లాడటానికి వచ్చాను.

2015లో నేనొక రెసిడెన్షియల్ స్కూల్లో హెడ్మిస్ట్రెస్‌ని. ఎక్కడ, ఏ స్కూలు అన్నది చెప్పను, అవసరం లేదు. జూన్‌లో చిన్న పిల్లల హాస్టల్‌కి ఒక వార్డెన్ కావాల్సి వచ్చింది. ఒకాయన వచ్చాడు. వేరే జిల్లా మనిషి. డిగ్రీ ఉంది, నుదుట బొట్టు, ఇస్త్రీ చొక్కా, మాట మెత్తన. చేతిలో ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఉంది. "ప్రవర్తన సంతృప్తికరం" అని రాసి ఉంది. ఊళ్లో ఒక గది అద్దెకు తీసుకున్నాడు. ఆ గది అడ్రసు మీద వెరిఫికేషన్‌కి పంపాం. కానిస్టేబుల్ వచ్చాడు, ఇంటివాళ్లని అడిగాడు, పక్కన కిరాణా కొట్టులో అడిగాడు. నెల రోజుల కిందట వచ్చిన మనిషి గురించి కిరాణా కొట్టాయన ఏం చెబుతాడు చెప్పండి? "మంచోడేనండి, అప్పు పెట్టడు" అని చెప్పి ఉంటాడు. నెల తిరక్కుండా కాగితం వచ్చింది. ఇదే ఆ కాగితం. జిరాక్సు తీసి ఉంచుకున్నాను.

అదే జూన్‌లో ఒక ఆయాని కూడా తీసుకున్నాం. ఆవిడ అడ్రసు స్టూవర్టుపురం. కరస్పాండెంట్ గారు ఫైలు మూసి, "ఈ ఊరా మేడమ్? ఆలోచించండి" అన్నారు. ఆ వార్డెన్ ఫైలు మీద ఎవరూ ఏమీ అనలేదు. ఆయా ఫైలు మాత్రం పది రోజులు ఆ టేబుల్ మీదే ఉంది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

సంక్రాంతి సెలవులు అయిపోయి పిల్లలు తిరిగొచ్చారు. ఒక రోజు పొద్దున్నే ఆ ఆయా నా గది ముందు నిలబడింది. చేతిలో బకెట్టు ఉంది, కింద పెట్టలేదు. "అమ్మా, ఆరో క్లాసు పిల్లోడొకడు రోజూ రాత్రి తన తువ్వాలు కొస పక్క పిల్లోడి చేతికి కట్టుకుని పడుకుంటున్నాడు. ఇవాళ ముడి విప్పబోతే ఏడ్చాడు" అంది. అంతే అంది. ఇంకేమీ అనలేదు. ఆవిడకు చదువు లేదు, పిల్లల మీద లైంగిక నేరాలకి పోక్సో అని చట్టం ఉందని తెలియదు. కానీ ముడి చూసింది. నేను ఆ హాస్టల్‌కి వారానికి రెండుసార్లు వెళ్లేదాన్ని. నేను దుప్పట్లు మడత పెట్టారా లేదా చూశాను. ముడి చూడలేదు.

ఆ తర్వాత ఏం తెలిసిందో వివరాలు చెప్పను. ఆ పిల్లవాడి బతుకు అది, సభలో చెప్పే కథ కాదు. కానీ ఆ మధ్యాహ్నం నేను చేసిన ఒక ఫోన్ సంగతి చెప్పాలి. ఆ వార్డెన్ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ మీద ఒక ల్యాండ్‌లైన్ నంబరు ఉంది. ఏడు నెలలుగా నా ఫైల్లోనే ఉంది. అప్పుడు చేశాను. అవతల ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మేడమ్, మా దగ్గరా ఇలాంటిదే అయింది. పిల్లవాడి ఇంట్లోవాళ్లు పరువు పోతుందన్నారు. మేమూ గొడవెందుకని నెల జీతం చేతిలో పెట్టి పంపించేశాం" అన్నారు.

పంపించేశాం. ఎక్కడికి పంపించారండి? నా దగ్గరికి పంపించారు. నా హాస్టల్లో ఉన్న నలభై మంది పిల్లల దగ్గరికి పంపించారు. "ప్రవర్తన సంతృప్తికరం" అని రాసిచ్చి మరీ పంపించారు. ఆయన మీద కోపం వచ్చింది, నిజమే. కానీ ఆ రాత్రి పడుకోలేక లేచి కూర్చున్నప్పుడు తట్టింది. ఆ నంబరు జూన్‌లో కూడా ఫైల్లోనే ఉంది కదా. నేను జూన్‌లో చేసి ఉంటే? ఆ పిల్లవాడి తల్లి కూడా నన్ను అదే అడిగింది. "ముందే ఎందుకు అడగలేదమ్మా?" అంది. ఇవాళ్టికీ నా దగ్గర ఆ మాటకు జవాబు లేదు.

ఇప్పుడు కొంచెం దూరం వెళ్దాం. ఇంగ్లండు వెళ్దాం. ఎందుకంటే ఈ "పరిధి" గొడవ అక్కడ ఎలా బయటపడిందో తెలిస్తే మన కాగితం సంగతి బాగా అర్థమవుతుంది.

2002 ఆగస్టు 4న, కేంబ్రిడ్జ్‌షైర్‌లో సోహమ్ అనే చిన్న ఊళ్లో పదేళ్ల ఆడపిల్లలు ఇద్దరు కనిపించకుండా పోయారు. వాళ్లని చంపింది ఇయాన్ హంట్లీ అనే మనిషి. ఆ ఊరి హైస్కూల్లో కేర్‌టేకరు. ఆ పిల్లలు చదివే బడి వేరే. అతనితో ఉండే ఆవిడ ఆ పిల్లల బడిలో క్లాసులో సాయంగా పనిచేసేది, అలా పరిచయం. 2003 డిసెంబరులో కోర్టు అతనికి శిక్ష వేసింది. వేశాక ఆ దేశమంతా అడిగిన ప్రశ్న ఒక్కటే. ఈ మనిషికి బడి తాళాలు ఎలా ఇచ్చారు?

ఎలా ఇచ్చారో తేల్చమని మైఖేల్ బిచర్డ్ అనే మాజీ పెద్ద అధికారితో విచారణ వేయించారు. 2004 జూన్‌లో ఆయన నివేదిక ఇచ్చాడు. ఏం తేలిందో వినండి. హంట్లీ అంతకుముందు హంబర్‌సైడ్ అనే వేరే ప్రాంతంలో ఉండేవాడు. 1995 నుంచి 1999 మధ్య అక్కడి పోలీసుల దగ్గరికి అతని మీద ఎనిమిది లైంగిక నేరాల ఆరోపణలు వచ్చాయి. ఎనిమిది! ఒక్కదాంట్లో కూడా శిక్ష పడలేదు. ప్రతిదాన్నీ విడివిడిగా చూశారు, విడివిడిగా మూసేశారు. అన్నీ ఒక్కచోట పెట్టి చూసినవాళ్లు లేరు. ఉన్న సమాచారం కూడా సరిగ్గా దాచలేదు. సోహమ్‌లో ఉద్యోగానికి వెళ్లినప్పుడు అక్కడి పోలీసులు చెక్ చేశారు, చేయలేదని కాదు. కానీ అతను నిక్సన్ అనే ఇంకో ఇంటిపేరు కూడా వాడేవాడు. పోలీసుల కంప్యూటర్లో ఆ నిక్సన్ పేరుతోనే వెతికారు. హంట్లీ పేరుతో వెతకలేదు. ఏమీ రాలేదు. బడివాళ్లు కూడా పాత ఉద్యోగాల గురించి గట్టిగా ఆరా తీయలేదు.

పేరు సంగతి మనకి చెప్పాలా? మన దగ్గర ఒక్క మనిషి ఆధార్‌లో వెంకటేశ్వర్లు, రేషన్ కార్డులో వెంకటేశ్వరరావు, పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, లైసెన్సులో ఇంటిపేరు వెనక. ఇంగ్లీషు స్పెల్లింగు ఒక్కోచోట ఒక్కో రకం. ఇప్పుడు స్టేషన్లన్నిటినీ సీసీటీఎన్ఎస్ అనే ఒకే కంప్యూటర్ వ్యవస్థలో కలిపారు, మంచిదే, చాలా మంచిది. కానీ మీరు ఫారంలో ఏ పేరు రాసి ఇస్తే దాంతోనే కదా వెతికేది? అందుకే చెబుతున్నాను, పదో తరగతి మెమో, ఆధార్ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. తేడా ఉంటే రెండు పేర్లూ రాసి ఇవ్వండి. తండ్రి పేరు, సొంత ఊరు రాయండి. ఇది మీ ఆఫీసు క్లర్కు పావుగంటలో చేసే పని.

సోహమ్ తర్వాత ఇంగ్లండులో ఏం జరిగింది? 2006లో చట్టం తెచ్చారు. పిల్లలు, అలాగే తమని తాము కాపాడుకోలేని పెద్దవాళ్లు, అంటే మంచాన పడ్డవాళ్లు, మతి సరిగ్గా లేనివాళ్లు, వీళ్ల దగ్గర పనిచేసే మనుషుల గతం చూడటం కోసం. 2012 డిసెంబరు నుంచి డీబీఎస్ అని ఒకే సంస్థ చూస్తోంది. మన గుంటూరు, ప్రకాశం జిల్లాల నర్సులు అక్కడికి బోలెడంతమంది వెళ్లారు, వాళ్లని అడగండి. నా పాత స్టూడెంట్ ఒకమ్మాయి అక్కడ ముసలివాళ్ల కేర్ హోమ్‌లో చేస్తోంది. ఇక్కడి నుంచి వెళ్లేటప్పుడు పాస్‌పోర్టు ఆఫీసు నుంచి పోలీస్ క్లియరెన్స్ తీసుకెళ్లింది. అక్కడికి వెళ్లాక డీబీఎస్ చెక్ చేయించుకుంది. ఆ పై స్థాయి డీబీఎస్‌లో శిక్షలే కాదు, లోకల్ పోలీసుల దగ్గర ఉన్న సమాచారం, ఈ పనికి సంబంధించిందని వాళ్లు అనుకుంటే, అదీ రాస్తారు. హంట్లీ విషయంలో లోటు సరిగ్గా అక్కడే కదా.

కానీ నాకు అన్నిటికంటే నచ్చింది ఇంకొకటి. అక్కడ ఒక బడి గానీ, కేర్ హోమ్ గానీ, ఒక మనిషి పిల్లలకో, ముసలివాళ్లకో హాని చేశాడని ఆ పని నుంచి తీసేస్తే, ఆ సంగతి డీబీఎస్‌కి రాసి పంపాలి. పంపాలి అంటే దయతలిచి పంపడం కాదు. పంపకపోతే నేరం. విచారణ ముగిసేలోపు అతను తనే రాజీనామా చేసి వెళ్లిపోయినా పంపాలి. చూశారా? "పంపించేశాం" అన్న మాటకి అక్కడ తావు లేదు.

మరి మన దగ్గర? మన దగ్గర చట్టం లేదనుకుంటున్నారా? ఉంది. 2012 నవంబరు 14 నుంచి ఉంది. పోక్సో 19వ సెక్షన్. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరిగే అవకాశం ఉందని భయం ఉన్నా, పోలీసులకి చెప్పి తీరాలి. తెలిసిన ప్రతి ఒక్కరూ. 21వ సెక్షన్ ప్రకారం చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. సంస్థను నడిపే బాధ్యతలో ఉండి, కింద పనిచేసే మనిషి చేసింది చెప్పకపోతే ఏడాది దాకా. కరస్పాండెంట్లూ, వింటున్నారా? నెల జీతం ఇచ్చి పంపించేయడం పిల్లవాడి పరువు కాపాడటం కాదండి. అది నేరం. పిల్లల పేర్లు బయటికి రాకుండా ఆ చట్టమే కాపాడుతుంది. పేరు, ఫోటో, ఊరు, బడి, ఏదీ బయటపెట్టకూడదని 23వ సెక్షన్ ఉంది. పరువు భయం ఉన్న తల్లిదండ్రులకి ఈ మాట మనం చెప్పాలి. మా కరస్పాండెంట్ గారు కూడా ముందు కాళ్లూ చేతులూ ఆడక "మేడమ్, బడి మూతపడుతుంది" అన్నారు. ఆ సాయంత్రం నేను స్టేషన్‌కి వెళ్లాను. కేసు కట్టారు. తర్వాత సాక్షిగా కోర్టుకీ వెళ్లాను. బడి మూతపడలేదు. ఇంకా నడుస్తోంది.

ఇక్కడే అసలు సంగతి. పోలీసు రికార్డు ఆకాశం నుంచి ఊడిపడదు. మనం చెబితేనే అది రికార్డు. ఆ పాత బడి చెప్పి ఉంటే ఎఫ్ఐఆర్ ఉండేది. ఎఫ్ఐఆర్ ఉంటే ఎక్కడ వెతికినా దొరికే అవకాశం ఉండేది. వాళ్లు చెప్పలేదు, అందుకని ఆ మనిషి సొంత ఊరి స్టేషన్‌కి రాసినా అప్పట్లో "కేసులు లేవు" అనే వచ్చేది. అంటే నా కాగితం తెల్లగా ఉండటానికి కారణం ఆ మనిషి మంచితనం కాదు. ఆ బడి నోరు మూసుకోవడం. ఇది మీరు ఇంటికి వెళ్లాక కూడా ఆలోచించండి. మీ బీరువాలో తెల్లగా ఉన్న కాగితాల్లో ఎన్ని ఇలాంటివో?

సరే, ఇప్పుడు ఉన్న నియమం ఏమిటో చెబుతాను, ఎందుకంటే చాలామందికి సగమే తెలుసు. 2020 మార్చిలో పోక్సో కొత్త నియమాలు వచ్చాయి. అందులో 3వ నియమం, పిల్లలు ఉండే సంస్థలన్నీ, పిల్లలతో తరచూ పని ఉండే సంస్థలన్నీ, బడులు, క్రెష్‌లు, ఆటల అకాడమీలు, ఏవైనా సరే, సిబ్బంది అందరికీ పోలీసు వెరిఫికేషన్, పాత చరిత్ర విచారణ చేయించాలి అంటోంది. టీచర్లు మాత్రమే కాదు. నాన్ టీచింగ్ వాళ్లు, కాంట్రాక్టు వాళ్లు, అందరూ. ఇంకొక మాట ఉంది అందులో, చాలామంది దాటేస్తారు. ఎప్పటికప్పుడు చేయించాలి అని ఉంది. చేరిన రోజున ఒకసారి చేయించి పదేళ్లు బీరువాలో పెట్టడం కాదు. పదేళ్లలో మనిషి ఎన్ని ఊళ్లు తిరగచ్చు? మీ బడిలో చివరిసారి ఎప్పుడు చేయించారు? నాకు చెప్పక్కర్లేదు, మీకు మీరు చెప్పుకోండి.

ట్యూషన్ సెంటర్లవాళ్లు, కరాటే, డ్యాన్స్ నేర్పేవాళ్లు ఎవరైనా వచ్చారా? చేతులెత్తండి. ఇద్దరు. ఇద్దరైనా వచ్చారు, సంతోషం. ఈ నియమం మీకూ వర్తిస్తుంది.

"అందరూ" అనే మాట ఎందుకు అంత గట్టిగా అంటున్నానంటే, 2022 అక్టోబరులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లో జరిగింది గుర్తుండే ఉంటుంది. ఎల్‌కేజీ పాప. ఆ పని చేసింది టీచరు కాదు, స్కూలు బస్సు డ్రైవరూ కాదు. ప్రిన్సిపాల్ గారి కారు నడిపే మనిషి. 2023 ఏప్రిల్‌లో కోర్టు అతనికి 20 ఏళ్ల శిక్ష వేసింది. ఇప్పుడు మీ బడి సంగతి ఆలోచించండి. జీతాల రిజిస్టరులో లేకుండా, గేటు దాటి లోపలికి వచ్చి, పిల్లలున్న గదుల దాకా వెళ్లగలిగే మనుషులు ఎంతమంది? యజమాని గారి డ్రైవరు, క్యాంటీన్ లీజుకు తీసుకున్నాయన తమ్ముడు, సీసీ కెమెరాలు రిపేరు చేసే అబ్బాయి, ఆదివారం వచ్చే బార్బరు. వీళ్లలో ఒక్కరి కాగితమైనా మీ దగ్గర ఉందా? జీతం ఎవరిస్తున్నారని కాదు, పిల్లల దగ్గరికి ఎవరు వెళ్లగలుగుతున్నారు అన్నదాన్ని బట్టి లిస్టు రాయాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకపోతే నేను తప్పు చేసినదాన్ని అవుతాను. 2017 సెప్టెంబరులో గురుగ్రామ్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో ఏడేళ్ల బాబుని చంపేశారు. ఆ రోజే బస్సు కండక్టరుని అరెస్టు చేశారు. నేరం ఒప్పుకున్నాడన్నారు. దేశమంతా కండక్టర్లు, డ్రైవర్ల మీద పడింది. సీబీఎస్ఈ ఆ నెలలోనే బడులన్నిటికీ సిబ్బంది వెరిఫికేషన్ చేయించమని రాసింది. రాయడం మంచిదే. కానీ తర్వాత ఏమైంది? కేసు సీబీఐకి వెళ్లింది. నవంబరులో అదే స్కూల్లో పదకొండో తరగతి చదివే అబ్బాయిని పట్టుకున్నారు. 2018 ఫిబ్రవరిలో ఆ కండక్టరుని కేసు నుంచి తప్పించారు. ఒక పేదవాడు, ఏ పాపం చేయనివాడు, నెలల తరబడి జైల్లో ఉన్నాడు. వెరిఫికేషన్ అనేసరికి మన చూపు ఎవరి మీదికి వెళ్తుంది? జీతం తక్కువ ఉన్నవాడి మీదికి. ముతక బట్ట కట్టినవాడి మీదికి. నా వార్డెన్‌కి ఇస్త్రీ చొక్కా ఉంది కదా, అతని మీదికి వెళ్లలేదు.

ఇప్పుడు ఆ ఆయా దగ్గరికి వస్తాను. మన పక్క ఊరే కాబట్టి స్టూవర్టుపురం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది ఒకటే. ఇంగ్లీషువాళ్లు 1871లో ఒక చట్టం చేశారు. కొన్ని కులాలు, తెగలలో పుట్టినవాళ్లంతా పుట్టుకతోనే నేరస్తులని. ఎరుకలవాళ్లని ఆ లెక్కలో పెట్టి, సాల్వేషన్ ఆర్మీ చేతికి అప్పగించి, ఇక్కడ సెటిల్‌మెంటు పెట్టారు. రోజూ హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే పాసు ఉండాలి. ఆ చట్టం 1952లో రద్దయింది. రద్దయి ఇన్నేళ్లు. ఆ ఫైలు పది రోజులు టేబుల్ మీద ఎందుకు ఉంది? ఆవిడ మీద కేసు ఉందా? లేదు. ఆవిడ ఏమైనా చేసిందా? లేదు. అడ్రసు. ఆ అడ్రసు అలా ఉందని ఆవిడని వద్దనుకుని ఉంటే, ఆ ముడి ఎవరు చూసేవాళ్లు?

అందుకని కాగితం మీద కేసు కనపడినా వెంటనే ఫైలు మూసేయకండి. ఏం కేసు అని చూడండి. మన ఊళ్లల్లో కేసులు ఎలా పడతాయో మీకు తెలుసు. కూలి రేట్ల కోసం ధర్నా చేస్తే కేసు. గట్టు తగాదాలో అవతలివాడు పెడితే మనమూ పెట్టిన కౌంటర్ కేసు. ఎలక్షన్లప్పుడు ముందుజాగ్రత్త అని కట్టే బైండోవరు. ఇవి ఉన్న మనిషి పిల్లలకి అన్నం వండకూడదా? 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఇంచుమించు ఇదే. ఉద్యోగంలో చేరేటప్పుడు దాచిపెట్టిన కేసు ఎలాంటిది, ఏ ఉద్యోగం, అన్నీ చూసి నిర్ణయించమంది. చిన్నతనంలో చేసిన తప్పయితే, చాలావరకు దానివల్ల తర్వాత అనర్హత రాకూడదని జువెనైల్ జస్టిస్ చట్టమే అంటోంది. పిల్లల మీద, ఆడవాళ్ల మీద, ఎదురు తిరగలేనివాళ్ల మీద హింస. దాని కోసం వెతుకుతున్నాం మనం. ధర్నా కోసం కాదు.

కాగితంతో పనికాని చోట్లు కూడా ఉన్నాయి. 2018లో బీహార్ ముజఫర్‌పుర్ బాలికల హోమ్ సంగతి బయటపడింది. అక్కడ నేరం చేసింది గోడ దూకి వచ్చినవాడు కాదు, ఆ హోమ్ నడిపేవాడే. బ్రజేష్ ఠాకూర్. 2020లో ఢిల్లీ కోర్టు 19 మందిని దోషులని తేల్చింది. యజమానే అలాంటివాడైతే ఎవరి కాగితం ఎవరు చూస్తారు? టాటా సామాజిక శాస్త్రాల సంస్థ, అంటే టిస్ వాళ్లు, బయటి నుంచి వెళ్లి ఆ పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని అడిగారు. అప్పుడు బయటికొచ్చింది. మా సమితి తరఫున హోమ్‌లకి వెళ్లినప్పుడు నేను ఒకటే నేర్చుకున్నాను. ముందు వంటగదిలోకి వెళ్లాలి, తర్వాత పిల్లల దగ్గర నేల మీద కూర్చోవాలి, ఫైళ్లు ఆఖర్న చూడాలి. ఫైళ్లు ముందు చూస్తే ఆఫీసు గదిలోనే టీ తాగించి పంపేస్తారు.

పెద్దవాళ్ల సంగతి కూడా చెప్పి ముగిస్తాను. చీరాలలో, గుంటూరులో, హైదరాబాద్‌లో ఎన్ని ఇళ్లు? పిల్లలు అమెరికాలో, ఆస్ట్రేలియాలో. అమ్మ మంచం మీద. ఏజెన్సీవాళ్లు ఒక అటెండెంట్‌ని పంపుతారు. ఆధార్ జిరాక్సు వాట్సాప్‌లో వస్తుంది, అంతే. అమ్మకి మతిమరుపు. ఎవరు కొట్టారో చెప్పలేదు, గాజులు ఎక్కడ పోయాయో చెప్పలేదు, అన్నం పెట్టారో లేదో చెప్పలేదు. ఆ పిల్లవాడికి కనీసం తువ్వాలు కొస ఉంది. ఈవిడకి అదీ లేదు.

దీనికి చట్టం ఏమంటుంది? 2007లో తల్లిదండ్రుల పోషణ చట్టం వచ్చింది. కొడుకులు చూడకపోతే ఏం చేయాలో చెబుతుంది. డబ్బులు తీసుకుని చూసే మనిషి గతం చూడమని అందులో లేదు. 2019లో ఇంటికొచ్చి చేసే సేవలకి రిజిస్ట్రేషన్ పెడుతూ సవరణ బిల్లు తెచ్చారు, అది చట్టం కాలేదు. అదే బ్యాంకు ఏటీఎం ముందు నిలబడే సెక్యూరిటీ గార్డు ఉన్నాడనుకోండి, 2005 చట్టం ప్రకారం ఏజెన్సీ అతని గుణగణాలు, పాత చరిత్ర విచారించాకే పనిలో పెట్టుకోవాలి. ఏటీఎంలో డబ్బుకి ఉన్న కాపలా మన అమ్మకి లేదు. నేను ఈ మాట జిల్లా అధికారులకి రాశాను, మళ్లీ రాస్తాను. చట్టం వచ్చేదాకా మీరు ఆగకండి. ఏజెన్సీని అడగండి, ఈ మనిషి ఇంతకుముందు ఏ ఇంట్లో చేసింది, ఆ ఇంటివాళ్ల నంబరు ఇవ్వండి అని. ఇవ్వబోమంటే ఇంకో ఏజెన్సీని చూసుకోండి. ఇస్తే ఫోన్ చేయండి.

ఫోన్ చేసినప్పుడు ఏం అడగాలి? "మంచివాడేనా?" అని అడగకండి. ఆ ప్రశ్నకి ఎవరైనా "మంచివాడేనండి" అనే అంటారు. నేను ఇప్పుడు అడిగేది ఇది. "ఈయన్ని మళ్లీ మీ హాస్టల్లో రాత్రి డ్యూటీకి పెట్టుకుంటారా?" అంతే. అడిగి ఊరుకోండి. మీరు మాట్లాడకండి. అవతల వెంటనే "ఓ, తప్పకుండా" అన్నారా, సరే. ఒక్క క్షణం ఆగారా, ఆ ఆగడం వినండి. ఆ తర్వాత "ఎందుకు మానేశారు?" అని అడగండి. ఎవరితో మాట్లాడారో, ఏ తేదీనో, ఏం చెప్పారో రాసి ఫైల్లో పెట్టండి. గత ఐదేళ్లలో పనిచేసిన ప్రతి చోటికీ చేయండి. మధ్యలో ఏడాది ఖాళీ ఉంటే ఆ ఏడాది ఎక్కడున్నాడో అడగండి. వెరిఫికేషన్‌కి రాసేటప్పుడు అద్దె గది అడ్రసు ఒక్కటే కాదు, సొంత ఊరు, ఆ ఐదేళ్లు ఉన్న ఊళ్లు అన్నీ రాసి పంపండి. ఆలస్యం అవుతుంది, ఒప్పుకుంటాను. కాగితాలు వచ్చేదాకా ఆ మనిషికి ఒంటరిగా రాత్రి డ్యూటీ వేయకండి.

ఇంకొకటి, రేపు మీకు ఫోన్ వస్తుంది. ఇంకో బడి నుంచి, మీరు తీసేసిన మనిషి గురించి. అప్పుడు నిజం చెప్పండి.

ఫారాలు ఆ పక్క బల్ల మీద పెట్టించాను. ఫోన్‌లో అడగాల్సిన ప్రశ్నలు, రాసుకునే ఖాళీలు అన్నీ ఒకే పేజీలో ఉన్నాయి. తెలుగులోనే ఉంది. ఒక్కొక్కరు పది తీసుకెళ్లండి, సరిపోకపోతే జిరాక్సు తీసుకోండి. బడికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు అనే సందేహం మీలో చాలామందికి ఉండే ఉంటుంది, ముందు దాని గురించి మాట్లాడుకుందాం. అమ్మా, మూడో వరుసలో మీరు చెయ్యెత్తారు, అడగండి.